పడుగు ఒక్కటే

జగిత్యాలలో అయినా, కోరుట్లలో అయినా, సిరిసిల్లలో అయినా నాలుగో నెల పడిన గర్భిణి చేతికి ఎర్ర గోలీలు వస్తాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఊళ్లో వాటిని రక్తం గోలీలంటారు. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం వస్తుంది. గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందనే భయం ఇంకొకటి. అందుకని కొన్ని గోలీలు కడుపులోకి పోతాయి, కొన్ని గూట్లోనే ఉండిపోతాయి. ఆ గోలీలో ఇనుము 60 మిల్లీగ్రాములు. దానితోపాటు ఎవరి నోటా పేరు వినబడని పదార్థం ఇంకొకటి ఉంది, అర మిల్లీగ్రాము. అది ఫోలిక్ యాసిడ్. జన్యువుల మీద ఈ మధ్య వస్తున్న పుస్తకాలూ వ్యాసాలూ చదివేవాళ్లు ఆ అర మిల్లీగ్రాము దగ్గర కాసేపు ఆగడం మంచిది. ఎందుకంటే అది మన దేశంలోని మిల్లు కార్మికురాళ్ల రక్తంలోంచి మొదలై, ఒక తెలుగువాడి ప్రయోగశాల మీదుగా నడిచి, ఇవాళ ఎపిజెనెటిక్స్ అనే శాస్త్రం నడిబొడ్డుకు చేరింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. సూక్ష్మదర్శినిలో చూస్తే వాళ్ల ఎర్ర రక్తకణాలు ఉండవలసినదానికన్నా ఉబ్బి పెద్దవిగా కనబడుతున్నాయి. సూక్ష్మజీవి ఏదైనా కారణమేమోనని వెతికింది, దొరకలేదు. అప్పుడు వాళ్ల కంచాల వైపు చూసింది. ఎవరు ఏం తింటున్నారో కులాలవారీగా, మతాలవారీగా, ఆదాయాలవారీగా రాసుకుంది. పండ్లు, ఆకుకూరలు, పాలు అందని నిరుపేదల్లోనే జబ్బు ఎక్కువని తేలింది. చివరికి మార్మైట్ అనే చవక ఈస్ట్ పదార్థం తినిపిస్తే రోగులు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రచురించింది. ఈస్టులో ఉన్న ఆ గుణమేమిటో అప్పటికి తెలియదు గనక శాస్త్రజ్ఞులు దానికి ఆమె పేరే పెట్టుకుని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. నేతపని వదల్లేక, ఊళ్లో మగ్గం కూడు పెట్టక, బొంబాయికీ భివండికీ షోలాపూర్‌కూ వలసపోయిన కుటుంబాలు సిరిసిల్లలో, కోరుట్లలో వీధివీధినా ఉన్నాయి. మిల్లు చాళ్లలో ఆడవాళ్ల కంచం ఎలా ఉండేదో ఆ ఇళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1941లో అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూరను ఉడికించి వడగట్టి ఆ పదార్థాన్ని చిటికెడంత వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. చిటికెడు సరిపోదు, ఫ్యాక్టరీలో తయారు కావాలి. ఆ పని 1945 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో జరిగింది. అక్కడ పరిశోధనల అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన తోడబుట్టినవాళ్లు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు తర్వాత మందుగా పనికొచ్చింది కూడా ఈ ఫోలిక్ యాసిడే. సుబ్బారావు పేరు చెప్పగానే మనం నోబెల్ రాలేదని నిట్టూరుస్తాం. పల్లె అంగన్‌వాడీలో పంచే గోలీలో ఆయన చేతిపని ఉందని మాత్రం పిల్లలకు చెప్పం.

ఇంతవరకు ఇది రక్తం కథ. జన్యువుల కథ ఇక్కణ్నించి.

మన ఒంట్లో కాలేయ కణంలోనూ, కంటి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. ప్రొటీన్లు తయారుచేసే సుమారు 20 వేల జన్యువులు అన్నిటిలోనూ ఉన్నాయి. మరి కాలేయం కాలేయంగా, కన్ను కన్నుగా ఎలా తయారైంది? సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) నడిపేవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. జకార్డ్ బిగించిన మగ్గం మీద పడుగు ఒక్కటే. పైన తిరిగే అట్టల్లో ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడి పోగు పైకి లేస్తుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. అట్టలు మార్చితే అదే పడుగు మీద మామిడిపిందె అంచు పోయి నెమలి అంచు వస్తుంది. పడుగులో ఒక్క పోగూ మారలేదు. జన్యువుల్లో కూడా ఏది లేవాలి, ఏది పడుకోవాలి అన్నది నిర్ణయించే ఏర్పాటు ఒకటి డీఎన్ఏ పైన ఉంది. దాన్ని చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఆ పేరు పెట్టినవాడు కాన్రాడ్ వాడింగ్టన్, 1942లో. తండ్రి దక్షిణ భారతదేశంలో తేయాకు తోటలో పనిచేయడంతో పసితనం ఇక్కడ గడిపినవాడు. ఆయన పేరు పెట్టేనాటికి డీఎన్ఏ రూపురేఖలు ఎవరికీ తెలియవు. అవి తెలిసింది 1953లో.

ఆ ఏర్పాటు రసాయనంగా ఏమిటంటే, ప్రధానంగా రెండు. ఒక్కో కణంలో రెండు మీటర్ల డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టుకున్నచోట జన్యువును చదివే యంత్రాంగం లోపలికి చొరబడలేదు, వదులైనచోట చదవగలదు. రెండోది మిథైల్ గుర్తు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరం మీద ఇది అతుక్కుంటుంది. జన్యువు మొదలయ్యేచోట ఈ గుర్తులు దట్టంగా పడితే సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. కణం రెండుగా చీలినప్పుడు గుర్తులు కూడా కొత్త కణానికి నకలవుతాయి. కాలేయ కణం నుంచి కాలేయ కణమే పుట్టడం వెనుక రహస్యం ఇదే.

ఈ మిథైల్ ఎక్కడినుంచి వస్తుంది? తిండిలోంచే. దాన్ని ఒంట్లో చేతులు మార్చుకుంటూ చేరవేసే వరుసలో ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ కుటుంబపు విటమిన్) ఒకరు, విటమిన్ బీ12 ఇంకొకరు. లూసీ విల్స్ వెతికిన పదార్థం రక్తకణాలను బాగుచేయడంతో ఆగదనీ, జన్యువుల మీద పడే గుర్తులకు ముడిసరుకు మోస్తుందనీ తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

2003లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వాటర్లాండ్, రాండీ జర్టిల్ చేసిన ఎలుకల ప్రయోగం ఈ రంగంలో అందరూ చెప్పేదే. అగూటి అనే జన్యువు అదుపు తప్పిన ఎలుకలు పసుపు రంగులో, బొద్దుగా, మధుమేహానికీ క్యాన్సర్‌కూ దగ్గరగా ఉంటాయి. గర్భానికి ముందునుంచీ తల్లి ఎలుకలకు ఫోలిక్ యాసిడ్, బీ12, కోలీన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. ఆ జన్యువు అలాగే ఉంది, కానీ పిల్లల్లో గోధుమ రంగువి ఎక్కువగా పుట్టాయి. మిథైల్ గుర్తులు ఆ జన్యువు నోరు మూశాయి. ఇది చదివినవాళ్లకు కలిగే ఆశ్చర్యం న్యాయమైనదే. అయితే ఆ ఎలుకల్లో అగూటి జన్యువు పక్కన అరుదైన డీఎన్ఏ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. గుర్తులు పడేది, చెరిగేది దాని మీదే. మనుషులకు అలాంటి అగూటి లేదు. ఈ మాట సగం వ్యాసాల్లో కనబడదు.

మనుషుల్లో మనకున్న గట్టి ఆధారాలు ఆకలి నుంచి వచ్చినవి. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పడమటి ప్రాంతాలకు తిండి రానివ్వలేదు. రోజు రేషన్ వెయ్యి కేలరీలకన్నా దిగజారింది. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్లను 60 ఏళ్ల తర్వాత పరీక్షించి, అదే తల్లికి కరవు తగలనప్పుడు పుట్టిన తోబుట్టువులతో పోల్చారు. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా కనిపించాయి. 2008లో వచ్చిన అధ్యయనం ఇది. ఆఫ్రికాలోని గాంబియాలో యుద్ధం లేదు, వానాకాలం, ఎండాకాలం ఉన్నాయి. ఏ కాలంలో కడుపున పడ్డారన్నదాన్నిబట్టి పిల్లల్లో కొన్ని చోట్ల గుర్తులు తేడాగా ఉన్నాయని అక్కడి పల్లెల్లో తేలింది. నాట్లూ కోతలూ చూసుకుని వంటింట్లో ఏం ఉడుకుతుందో నిర్ణయమయ్యే జగిత్యాల పల్లెలకు ఈ రెండో ఉదాహరణే దగ్గర.

మన దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ 29 గ్రామాలను తీసుకుంది. 15 గ్రామాల్లో గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అది. మిగతా 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం చేరలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్యకు వచ్చాక, 2003-05లో వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు. ఇన్సులిన్ వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, ధమనుల్లో బిరుసుతనం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ వ్యాసం మిథైల్ గుర్తులను కొలవలేదు, ఎత్తును, ఇన్సులిన్‌ను, ధమనులను కొలిచింది. నాకైతే ఎలుక రంగు మారిందన్నదానికన్నా ఇదే పెద్ద వార్త. పల్లెటూరి ఉప్మా పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో నిలిచి ఉంది.

పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993 నుంచి పల్లె తల్లుల్ని, పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. అక్కడ పుట్టిన బిడ్డల బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లాండ్ బిడ్డల బరువు 3.5. బక్కగా కనబడే మన బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. మధుమేహానికి నేల అక్కడే సిద్ధమవుతోందని ఆయన అన్నారు. అంతకన్నా ముఖ్యమైంది మరొకటి ఉంది. తల్లి రక్తంలో ఫోలేట్ ఎక్కువగా ఉండి బీ12 తక్కువగా ఉంటే పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనబడింది. గోలీలో ఫోలిక్ యాసిడ్ ఉంది, బీ12 లేదు. బీ12 పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోంచే రావాలి. హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ రతన్ చాందక్ బృందం పుణె వాళ్లతో కలిసి పనిచేసి, బీ12 ఇచ్చాక మధుమేహానికి సంబంధించిన కొన్ని జన్యువుల మీద మిథైల్ గుర్తులు మారాయని 2018లో చూపింది. అంటే గోలీ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు. గోలీ వెనుక గుడ్డు, పాలు ఉండాలి.

ఇంత సమాచారం చేతిలో ఉండగా జనం చదువుతున్నదేమిటి? ఒక రకం వీడియోలు మీ ఆలోచనలే మీ జన్యువుల్ని మార్చేస్తాయని చెబుతున్నాయి. ఇంకో రకం, తాత పడ్డ కష్టం మనవడి డీఎన్ఏలో రాసి ఉందని చెబుతున్నాయి. గర్భ సంస్కారం పేరిట తరగతులు పెట్టి రుసుములు తీసుకునేవాళ్లు కూడా ఈ మాటలే అరువు తెచ్చుకుంటున్నారు. నిజానికి అండం, వీర్యకణం తయారయ్యే క్రమంలో ఈ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. ఫలదీకరణ తర్వాత తొలి రోజుల్లో ఇంకోసారి చెరుగుతాయి. మొక్కల్లో తరతరాలకు దిగే గుర్తులు ఖాయంగా ఉన్నాయి, మనుషుల్లో మనవడిదాకా దిగిందని తేల్చిన రుజువు లేదు. పాతకాలంలో తలరాత అని భయపెట్టినవాళ్లే ఇప్పుడు జన్యువు అని, రేపు ఎపిజెనెటిక్స్ అని భయపెడతారు. తెలుగులో సైన్సు రాసేవాళ్లు ఈ విషయంలో కాస్త కటువుగా ఉండటమే మేలు.

వీటికన్నా నొప్పించే పొరపాటు ఇంకొకటి. బిడ్డ బక్కగా పుట్టినా, తర్వాత షుగర్ వచ్చినా, నువ్వు గోలీలు వేసుకోలేదు, నువ్వు సరిగా తినలేదు అని తల్లినే నిలదీయడం. 2014లో హార్వర్డ్‌కు చెందిన చరిత్రకారిణి సారా రిచర్డ్‌సన్, మరికొందరు కలిసి నేచర్ పత్రికలో తల్లుల్ని తప్పుపట్టకండి అని ఒక వ్యాసం రాయవలసి వచ్చింది. అత్తగారింట్లో మాట ఎక్కడినుంచి వచ్చినా కోడలి మీదికే పోవడం మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడు ఆ మాటకు శాస్త్రం పేరు దొరికింది. తండ్రి సంగతి ఎవరూ ఎత్తరు. 2013లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫోలేట్ తక్కువ మేత తిన్న మగ ఎలుకల వీర్యంలో గుర్తులు మారాయనీ, వాటి సంతానంలో లోపాలు పెరిగాయనీ చూపారు. ఎలుకలదే గనక అది కూడా తొందరపడి మనుషులకు అంటగట్టవద్దు. కానీ కార్మిక శిబిరంలో నలుగురు కలిసి వండుకుని తిని రెండేళ్లకోసారి ఊరొచ్చే గల్ఫ్ కార్మికుడి కంచం గురించి కూడా అడగవచ్చు కదా.

కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో చాలా ఇళ్లలో ఆడవాళ్ల ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్కన. గర్భంతో ఉన్నా, బాలింత అయినా లెక్క అదే. చుట్టేవాళ్లు తాగేవాళ్లు కాదు, కానీ పొగాకు దుమ్ము చేతుల్లోంచి, ఊపిరిలోంచి ఒంట్లోకి చేరుతుంది. బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ ఆనవాళ్లు కనబడ్డాయని మన దేశ పరిశోధకులు ఎప్పుడో రాశారు. సిగరెట్ తాగినవాళ్లలో ఏహెచ్ఆర్ఆర్ అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తగ్గుతాయని, మానేసిన కొన్నేళ్లలో చాలావరకు తిరిగి వస్తాయని ప్రపంచంలో అనేక చోట్ల తేలింది. గర్భంలో ఉండగా తల్లి పొగ తాగితే పుట్టిన బిడ్డ రక్తంలో కూడా అదే చోట తేడా కనబడిందని నార్వేలో 2012లో చూపారు. ఈ కొలతల్లో కొన్నైనా బీడీ చుట్టే తల్లుల దగ్గర తీసే ప్రయత్నం మన పరిశోధనా సంస్థలు చేయాలి. సీసీఎంబీ నుంచి సిరిసిల్ల మూడు గంటల దూరమే.

2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి నడుస్తోంది. గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. శాస్త్రం అడుగుతున్న బీ12 ఆ కంచంలో ఉంది. పథకం మంచిది, సందేహం లేదు. కానీ అది మధ్యాహ్నం కేంద్రానికి నడిచి వచ్చి కూర్చుని తినాలి. చాట పక్కన పెట్టి లేచి వెళ్తే ఆ రోజు బీడీల లెక్క తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. మగవాడు సాంచా మీద మీటర్ల లెక్కన పనిచేసే ఇంట్లో కండెలు చుట్టే ఆడమనిషిది కూడా అదే పరిస్థితి. అలా మానేసిన భోజనం కాగితం మీద హాజరుకాకపోవడంగా నమోదవుతుంది, ఆకలిగా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు విడతతో పోలిస్తే తగ్గలేదు.

ఇంకో సంగతి కాలానికి సంబంధించినది. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే వచ్చే లోపాలను ఫోలిక్ యాసిడ్ బాగా తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి రుజువు చేసింది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందునుంచే గోలీలిస్తే ప్రమాదం 72 శాతం తగ్గింది. 28 రోజులంటే చాలామందికి నెల తప్పిందన్న సంగతి కూడా తెలియని సమయం. నాలుగో నెలలో చేతికొచ్చే ఎర్ర గోలీ రక్తానికి పనికొస్తుంది, వెన్నుపాముకు ఆలస్యం. కాబట్టి మొదలుపెట్టవలసింది బడిలో. ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉండి వారానికొకసారి ఇచ్చే నీలం గోలీ దగ్గర, మధ్యాహ్న భోజనంలోని గుడ్డు దగ్గర, పదో తరగతి తర్వాత బడి మానేసి చాట ముందు కూర్చునే పిల్ల దగ్గర. ఆ పిల్ల బడి మానగానే బడిలో ఇచ్చే నీలం గోలీకి కూడా దూరమవుతోంది.

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల అధికారులకు మా విన్నపం. బీడీ చుట్టే గర్భిణులు, కండెలు చుట్టే గర్భిణులు ఎక్కువగా ఉన్న వాడల్లో ఆరోగ్యలక్ష్మి భోజనం కేంద్రం దాటి ఇంటి గడపకు చేరే ఏర్పాటు చేయండి. బడి మానేసిన ఆడపిల్లలను ఆశా కార్యకర్తల ద్వారా గుర్తించి, నీలం గోలీ వాళ్లకూ అందేలా చూడండి. బీడీ కంపెనీలు గర్భిణి చేతికి ఆకు, తంబాకు ఇవ్వకుండా ఆ నెలల కూలి చెల్లించేలా కార్మిక శాఖ కదలాలి. చదువరులకు ఒక మాట. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే గోలీ వేసుకున్నావా అని అడగడంతో ఆగవద్దు. ఇవాళ గుడ్డు తిన్నావా, పాలు తాగావా అని అడగండి. లేదంటే తెచ్చిపెట్టండి.